నెట్‌లో ఎత్తిన బోనం

2022 జూలైలో, బోనాల వేళ, తెలంగాణ దేవాదాయ శాఖ ఒక కొత్త సేవ మొదలుపెట్టింది. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి అమ్మవారికి ఇకపై ఆన్‌లైన్‌లో బోనం సమర్పించవచ్చునని చెప్పింది. టీ యాప్ ఫోలియో అనే ప్రభుత్వ యాప్‌లోనో, మీసేవలోనో పేరూ గోత్రమూ రాసి డబ్బు కడితే చాలు. గుడిలో పండితులు ఆ గోత్రనామాలతో పూజ చేసి బోనం సమర్పిస్తారు. బోనంలోని బియ్యం, బెల్లం, అక్షింతలు, పసుపు కుంకుమ పార్సిల్‌లో ఇంటికి వస్తాయి. విదేశాల్లో ఉన్నవాళ్లకూ పంపుతారు.

ఆ గుడికి సీతాఫల్‌మండి ఎంతో దూరం కాదు. రైల్వే ఉద్యోగులు, చిరువ్యాపారులు, ఉస్మానియా యూనివర్సిటీలో చదివే పిల్లలు ఇరుకు సందుల్లో కలిసి బతికే చోటు అది. ఎంఎంటీఎస్ స్టేషన్ మెట్లు దిగే ప్రతి చేతిలోనూ ఫోనుంటుంది. కూరగాయల బండికి క్యూఆర్ కోడ్ వేలాడుతుంటుంది. కిరాణా కొట్లో సౌండ్‌బాక్స్ డబ్బు పడిందని గట్టిగా చెబుతుంది. అదే సీతాఫల్‌మండిలో ఆషాఢం వచ్చిందంటే కొత్త కుండకు సున్నం, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మెడకు వేపరెమ్మలు చుడతారు. లోపల బెల్లమన్నం, పైన దీపం. దాన్ని నెత్తికెత్తుకుని ఇంటి ఆడబిడ్డ నడుస్తుంటే, వాకిళ్లలో నిలబడినవాళ్లు ఆమె కాళ్ల మీద బిందెలతో నీళ్లు పోస్తారు. బోనమెత్తిన మనిషిలో అమ్మవారే నడిచొస్తుందని నమ్మకం. నామాలగుండు, చిలకలగూడ, వారాసిగూడ దాకా డప్పు మోగుతూనే ఉంటుంది.

ఒక చేతిలో ఫోను, నెత్తి మీద బోనం. ఈ రెండూ ఒకే మనిషివి. కాబట్టి ప్రశ్న కూడా ఈ వీధులదే: మోయని బోనం బోనమవుతుందా?

కాదని తేల్చేయడం తేలిక. కానీ అలా తేల్చేముందు ఆ గుడి ఎలా వెలిసిందో గుర్తు చేసుకోవాలి. 1813లో జంట నగరాల్లో కలరా పాకింది. సైన్యంలో పనిచేస్తున్న సురిటి అప్పయ్య అప్పుడు ఉజ్జయినిలో ఉన్నాడు. అయినవాళ్లంతా ఇక్కడ, తానేమో వందల కోసుల దూరాన. అక్కడి మహంకాళి ముందు నిలబడి, రోగం తగ్గితే మా ఊళ్లో నీకు గుడి కడతానని మొక్కుకున్నాడట. 1815లో తిరిగొచ్చి కట్టె విగ్రహాన్ని ప్రతిష్ఠించాడు. లష్కర్ (సికింద్రాబాద్) అమ్మవారి కథ ఇలా దూరం నుంచి పెట్టుకున్న మొక్కుతోనే మొదలైంది. మొర వినడానికి ఆమెకు దూరం అడ్డు కాలేదు. అయితే అప్పయ్య మొక్కు పెట్టుకున్నది దూరం నుంచి. చెల్లించడానికి మాత్రం తానే వచ్చాడు. మొక్కుకోవడానికీ చెల్లించడానికీ మధ్య ఉన్న ఈ తేడా దగ్గరే అసలు విచారం మొదలవుతుంది.

ఈ విచారం కొత్తదేమీ కాదు. వేదకర్మల అర్థాన్ని విచారించిన మీమాంసకులు శతాబ్దాల కిందటే దీన్ని తర్కించారు. యాగమంటే ఏమిటని వాళ్లు అడిగారు. నిప్పులో నెయ్యి పోయడమా, మంత్రం చదవడమా? దేవతను తలచుకుని ఒక ద్రవ్యం మీద తన హక్కు వదులుకోవడమే యాగమని వాళ్లు తేల్చారు. నెయ్యి పోసే పని, మంత్రం చదివే పని ఋత్విక్కులకు అప్పగించవచ్చు. దక్షిణ ఇచ్చి వాళ్ల శ్రమను తీసుకోవచ్చు. ఫలం యాగం చేయించే యజమానిదే. కానీ ఆహుతి పడే క్షణాన ‘ఇది ఇక నాది కాదు’ అనే మాట మాత్రం యజమానే పలకాలి. చేతిని అద్దెకు తెచ్చుకోవచ్చు గానీ త్యాగాన్ని తెచ్చుకోలేం. ఆ దీర్ఘ తర్కంలో ఈ ఒక్క గీత ఇవాళ్టి ఫోన్లకు సరిగ్గా సరిపోతుంది. ఏ సేవ ఆ గీతకు ఇవతల ఆగింది, ఏది దాటిపోయిందని చూస్తే చాలా సంగతులు తేటపడతాయి.

2020 ఆగస్టులో, కరోనా రోజుల్లో, తిరుమల తిరుపతి దేవస్థానం ఆన్‌లైన్ కల్యాణోత్సవం మొదలుపెట్టింది. అప్పట్లో టికెట్ 1000 రూపాయలు. టికెట్ తీసుకున్న దంపతులు సంప్రదాయ దుస్తుల్లో ఇంట్లో కూర్చుని ఎస్వీబీసీ చానల్ ప్రసారం చూడాలి. అర్చకుడు చెప్పినప్పుడు తమ గోత్రనామాలు తామే చెప్పుకోవాలి. ఆ చిన్న నియమం పెట్టినవాళ్లకు శాస్త్రం బాగా తెలుసు. కొండ మీద కల్యాణం అర్చకులు చేస్తారు, తెర దాన్ని ఇంటికి మోసుకొస్తుంది. సంకల్పం మాత్రం ఆ దంపతుల నోటి నుంచే రావాలి. టీవీలో పెళ్లి చూసినవాడికీ, స్నానం చేసి పీట మీద కూర్చుని పేరు చెప్పుకున్నవాడికీ ఉన్న తేడాను ఆ నియమం కాపాడింది.

మంచి పరికరాలన్నీ ఇలాగే మనిషికి కొంత పని మిగులుస్తాయి. 2000ల తొలి ఏళ్లలో ఎల్‌జీ కంపెనీ ముస్లింల కోసం మక్కా దిక్కు చూపే దిక్సూచి ఫోను తయారుచేసింది. ఫోను దిక్కు చూపుతుంది. అటు తిరిగి నుదురు నేలకు ఆనించాల్సింది మనిషే. 2019లో వాటికన్ ఆశీస్సులతో ‘ఈ-రోజరీ’ అనే జపమాల వచ్చింది, చేతికి తొడుక్కునే కడియంలా. శిలువ గుర్తు వేసుకుంటే గానీ అది పనిచేయదు. అంతకుముందు 2011లో పాపాల ఒప్పుకోలుకు సాయపడే యాప్ ఒకటి అమెరికాలో విడుదలైంది. అది తప్పొప్పులు తలచుకోవడానికి తోడ్పడుతుందే తప్ప ఫోన్లో ఒప్పుకోలు చెల్లదని, గురువు ఎదుట మనిషి ఉండాల్సిందేనని వాటికన్ ప్రతినిధి వెంటనే స్పష్టం చేశాడు. సికింద్రాబాద్ చర్చిల్లో లాక్‌డౌన్ ఆదివారాలు ఫోన్ తెర మీద గడిపినవాళ్లకు ఆ మాట బరువు తెలుసు. పాట వినిపిస్తుంది, ప్రసంగం వినిపిస్తుంది. రొట్టె మాత్రం చేతికి రాదు.

ఇక బోనం దగ్గరికి. కరోనా వచ్చిన ఆ 2020లోనూ ఆషాఢం వచ్చింది. బోనాలు ఇళ్లలోనే చేసుకోమని ప్రభుత్వం కోరింది. లష్కర్ జాతర ఆదివారం గుడి దగ్గర జనం లేరు. కానీ ఇళ్లలో పొయ్యి వెలిగింది. కుండకు పసుపు పూశారు, వేపాకు కట్టారు, బెల్లమన్నం వండారు, ఇంట్లోనే అమ్మవారి పటం ముందు పెట్టారు. అమ్మ కోపగించుకుంటుందని, బోనం చెల్లలేదని ఎవరూ అనలేదు. ఆ ఏడాది ఒక సత్యం బయటపడింది. బోనానికి గుడి లేకపోయినా గడుస్తుంది. వండిన చేయి, మోసిన తల లేకపోతే గడవదు.

ఆన్‌లైన్ బోనం సరిగ్గా దీన్ని తిరగేసింది. గుడిని ఉంచి, వండడాన్నీ మోయడాన్నీ తీసేసింది.

ఇంకో మార్పు కూడా జరిగింది, దాని మీద ఎక్కువమంది దృష్టి పడలేదు. బోనం పూజారి పండగ కాదు. తల్లికీ బిడ్డకీ నడుమ ఎవరూ లేని పండగ. సీతాఫల్‌మండి సందుల్లో మైసమ్మకో పోచమ్మకో బోనం దించే ఆడబిడ్డను ఎవరూ గోత్రం అడగరు. నీళ్లలో పసుపు, వేపాకు కలిపి సాక పోసి, అమ్మా చల్లగా చూడమంటుంది. అంతే. శివసత్తుల పూనకానికి, పోతరాజు కొరడాకు, రంగం నాడు పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే స్త్రీకి దరఖాస్తు ఫారం లేదు. ఫోన్ తెర మీద మాత్రం మొదటి గడిలో పేరు, రెండో గడిలో గోత్రం. గోత్రనామాలతో అర్చన చేయించే గుళ్ల కోసం అలవాటైన నమూనానే తెచ్చి, ఏ మార్పూ లేకుండా బోనానికి తొడిగారు. దాంతో ఇంటి ఇల్లాలు నడిపించే కర్మ కాస్తా పండితుడు నడిపించే కర్మ అయింది. సాంకేతికత తనంతట తాను మతాన్ని మార్చదు. ఎవరి మతాన్ని నమూనాగా తీసుకుని తయారుచేశారో ఆ మతాన్ని మిగతా అందరి మీదా నింపాదిగా పరుస్తుంది. బస్తీ పండగలకు ఇది చిన్న నష్టం కాదు.

అయినా ఆ సేవను ఎత్తేయమనడం అన్యాయం. మూడో అంతస్తు మెట్లు దిగలేని ముసలమ్మ ఉంది. పండగ రోజున కూడా రైలు నడపాల్సిన లోకో పైలట్ ఉన్నాడు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటూ, అమ్మ పోయిన ఏడాది ఇంటి బోనం ఆగిపోకూడదని తపించే కూతురు ఉంది. ఈ ముగ్గురికీ ఫోను అవసరమే. వాళ్ల మొక్కు అప్పయ్య మొక్కు కంటే తక్కువదేమీ కాదు. చేయాల్సిందల్లా వాళ్లకు కొంచెం పని మిగల్చడం. గుడిలో బోనం సమర్పించే వేళను యాప్ ముందే చెప్పవచ్చు. ఆ వేళకు డాలస్‌లో ఉన్న కూతురు తన వంటింట్లో గుప్పెడు బియ్యం, బెల్లం వేసి వండుకుని, చెంబుకు పసుపు రాసి, తెర మీద లష్కర్ వీధి కనిపిస్తుండగా దాన్ని నెత్తికెత్తుకోవచ్చు. పండితుడు సమర్పించేది ఆమె తరఫున గుడి వంతు. ఆమె ఎత్తింది ఆమె బోనం. దీనికి కొత్త యంత్రమేమీ అక్కర్లేదు. తిరుమల వాళ్లు కల్యాణోత్సవానికి పెట్టినటువంటి ఒక నియమం చాలు.

అమ్మకపు నేర్పు ఈ విషయంలో ఎంత దూరం వెళ్లగలదో భద్రాచలం చెబుతుంది. సీతారాముల కల్యాణ తలంబ్రాలను ఆర్టీసీ కార్గో కొన్నేళ్లుగా ఇళ్లకు చేరవేస్తోంది. ఫోన్ చేస్తే సిబ్బందే వచ్చి ఆర్డరు తీసుకునే ఏర్పాటు చేశారు. 2023లో దానికి పెట్టిన రుసుము 116 రూపాయలు; తర్వాత అది 151 అయింది. 115 అయితే పార్సిల్ చార్జీ అనిపించేది. నూట పదహారనగానే తెలుగు మనసుకు అది పెళ్లిలో చదివించిన కట్నంలా వినిపిస్తుంది. ఈ ఆలోచన చేసినవాళ్లకు జనం నాడి తెలుసు, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఊరూరికీ బస్సు నడిపే సంస్థే రాముడి అక్షింతలు తెచ్చిస్తే పల్లె ముసలివాళ్ల కళ్లు చెమరుస్తాయి.

కానీ అదే తలంబ్రాల వెనక ఇంకో కథ ఉంది. తూర్పు గోదావరి కోరుకొండ ప్రాంత భక్తులు ప్రతి ఏటా వడ్లను రోకలి తగలకుండా, గోటితో ఒక్కొక్క గింజ ఒలిచి భద్రాద్రికి పంపుతారు. గోటి తలంబ్రాలంటారు వాటిని. అంత ఓపిక ఎందుకంటే మర పట్టించిన బియ్యం దేవుడికి పనికిరావని కాదు. ఒలిచే ప్రతి గింజకూ ఒక రామనామం పడుతుంది. ఆ గోళ్ల నొప్పే వాళ్ల కానుక. ఒక చివర ఆ వేళ్లు, ఇంకో చివర ఫోన్ మీద ‘ఆర్డర్’ అని నొక్కిన వేలు. పొట్లం తెప్పించుకున్నవాడికి ప్రసాదం అందుతుంది, సందేహం లేదు. తాను ఏదో సమర్పించానని మాత్రం అతను అనుకోకూడదు. ప్రసాదం పుచ్చుకోవడం వేరు, నివేదన పెట్టడం వేరు. నేటి ప్రచారమంతా ఈ రెండింటినీ ఒకే బటన్ కిందికి తెస్తోంది. అక్కడే భక్తుడు తనకు తెలియకుండా కొనుగోలుదారుడవుతున్నాడు.

2025 ఫిబ్రవరిలో ప్రయాగ కుంభమేళాలో జరిగిన రెండు సంగతులు ఈ తేడాను పక్కపక్కన నిలబెట్టాయి. ఒకాయన ‘డిజిటల్ స్నానం’ అని ప్రకటించాడు. వాట్సాప్‌లో ఫొటో పంపి 1100 రూపాయలు కడితే ఆ ఫొటోను అచ్చు వేసి సంగమంలో ముంచుతాడట. అదే మేళాలో ఒక ఇల్లాలు ఇంటి దగ్గరున్న భర్తకు వీడియో కాల్ చేసి, ఫోన్నే నీళ్లలో ముంచి తీసింది. ఆ దృశ్యాన్ని దేశమంతా చూసి నవ్వింది. నవ్వాల్సింది ఆమెను చూసి కాదు. పాడైపోతుందని తెలిసీ విలువైన వస్తువును గంగలో ముంచిందంటే, ఆయన కూడా తన పక్కన మునగాలన్న ఆరాటం ఆమెది. ఆయనకు స్నానఫలం దక్కిందా అన్నది శాస్త్రం చూసుకోవాలి. ఆమె మాత్రం ఏదో పణంగా పెట్టింది. ఫొటోలు ముంచే వ్యాపారంలో పణంగా పెట్టింది ఏదీ లేదు. 1100 రూపాయలు ఇచ్చినవాడు సేవ కొనుక్కున్నాడు, తీసుకున్నవాడు సేవ అమ్మాడు. త్యాగానికి అక్కడ చోటే లేదు.

త్యాగం లేకుండా వస్తువు దేవుడిదైతే ఏమవుతుందో తమిళనాడులో ఒకసారి తేలింది. 2024లో తిరుప్పోరూరు కందస్వామి గుడిలో ఒక భక్తుడు హుండీలో కానుక వేస్తుంటే జేబులోంచి ఐఫోన్ జారి అందులో పడింది. హుండీలో పడిందేదైనా స్వామిదేనని నియమం చెబుతోందని, కావాలంటే ఫోన్లోని సమాచారం తీసుకోవచ్చని అధికారులన్నారు. తిరుమల హుండీలో కూడా ఫోన్లు, గడియారాలు పడుతుంటాయి. దేవస్థానం వాటిని వేలం వేస్తుంది. చూడడానికి రెండూ హుండీలో ఫోన్లే. కావాలని వేసినవాడు ‘ఇది నాది కాదు’ అనుకుని వేశాడు. జారవిడిచినవాడు ‘అయ్యో నాది’ అన్నాడు. మీమాంసకుల లెక్కన రెండోది కానుకే కాదు. తిరుప్పోరూరు అధికారులు నియమం చూశారు, సంకల్పం చూడలేదు. దేవుడి పేరుతో సొత్తు తీసుకునేటప్పుడు ఇచ్చినవాడి మనసు అడగకపోవడం, ఫోన్ విషయంలోనైనా మరే విషయంలోనైనా, ధర్మం కాదు.

ఇదే న్యాయం కంటికి కనిపించని ఇంకో సొత్తుకు కూడా వర్తిస్తుంది. అది కోరిక.

గుళ్లో సంకల్పం చెప్పుకునేటప్పుడు కొడుకు ఉద్యోగమో, కూతురి సంతానమో, భర్త తాగుడో మనసులోనే అనుకుంటాం. అమ్మవారికి తప్ప ఎవరికీ తెలియదు. ముడుపు కట్టినప్పుడు కూడా గుడ్డలో రూపాయి కనిపిస్తుంది గానీ కోరిక కనిపించదు. ఇప్పుడు దేశమంతటా పూజలు బుక్ చేసే యాప్‌లు వచ్చాయి. 2020లో బెంగళూరులో మొదలైన యాప్స్ ఫర్ భారత్ సంస్థ ‘శ్రీ మందిర్’ యాప్ వాటిలో పేరున్నది. ఎక్కడో ఉన్న క్షేత్రంలో మన పేరున పూజ చేయిస్తారు, వీడియో పంపుతారు, ప్రసాదం పంపుతారు. దూరాన ఉన్నవాళ్లకు ఇది ఊరటే. కానీ అప్పు తీరాలంటే ఈ పూజ, పెళ్లి కుదరాలంటే ఆ పూజ అని వరస పెట్టిన చోట ఏ పూజ ఎంచుకున్నామో అదే మన కష్టమేమిటో చెప్పేస్తుంది. పేరు, ఫోన్ నంబరు, చిరునామా పక్కనే మన దిగులు కూడా నమోదవుతుంది. అప్పుల్లో ఉన్నవాడి చిట్టా రుణాలు అమ్మేవాళ్లకు ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు.

ఇది ఊహాభయం కాదు. నమాజు వేళలూ, మక్కా దిక్కూ చెప్పే ‘ముస్లిం ప్రో’ యాప్ ప్రపంచమంతటా కోట్లమంది ఫోన్లలో ఉంది. దిక్కు చెప్పాలంటే ఆ యాప్‌కు మనిషి ఎక్కడున్నాడో తెలియాలి. అలా తెలిసిన ఆచూకీ ఎక్స్-మోడ్ అనే సంస్థకు, అక్కడి నుంచి అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లకు చేరిందని 2020 నవంబరులో అమెరికన్ పత్రిక ఒకటి బయటపెట్టింది. గొడవ రేగాక యాప్ నడిపేవాళ్లు ఆ సంస్థతో తెగతెంపులు చేసుకున్నారు. దేవుడి వైపు తిరగడం కోసం ఇచ్చిన ఆనవాలు అది. సీతాఫల్‌మండి మసీదులో నమాజుకు నిలబడే కుర్రాడికీ, మహంకాళికి ఆన్‌లైన్‌లో మొక్కే అతని పక్కింటి అమ్మాయికీ ఈ ఒక్క విషయంలో బాధ ఒకటే. ఇద్దరూ దేవుడికి చెప్పుకున్నది మూడోవాడు వింటున్నాడు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా వచ్చింది. అయితే మతవిశ్వాసాలకు సంబంధించిన సమాచారాన్ని మరింత జాగ్రత్తగా చూడాల్సినదిగా ఆ చట్టం వేరు చేయలేదు. వ్యాపార యాప్‌ల సంగతి చట్టసభలు చూసుకోవాలి. దేవాదాయ శాఖ చేతిలో ఉన్నదాన్ని మాత్రం అది రేపే సరిదిద్దవచ్చు. బోనం ఫారంలో గోత్రం గడిని తప్పనిసరి చేయకుండా ఇష్టానికి వదిలేయవచ్చు. చిరునామాను పార్సిల్ చేరేదాకా ఉంచి తుడిచేయవచ్చు. కోరిక ఏమిటని అడగకుండా ఉండవచ్చు. దాని బదులు ‘ఆదివారం ఫలానా వేళకు మీ ఇంట్లో గుప్పెడు బియ్యం వండండి’ అని రెండు ముక్కలు తెలుగులో రాయవచ్చు. వచ్చే ఆషాఢానికి ఇంకా సమయం ఉంది.